గడచిన యేటి లెక్క

ఉగాదినాడు పంచాంగము వినునప్పుడు మనము ముఖ్యముగా నడుగునవి రాబోవు వత్సరపు ఆదాయవ్యయములు. గడచిన యేట నిజముగా నెంత ఆదాయమయ్యెను, ఎంత వ్యయమయ్యెను అని తన్ను తాను ప్రశ్నించుకొనువాడు మిక్కిలి యరుదు. మన సంకల్పముల సంగతియు నిట్టిదే. క్రొత్తవి చేసికొనుటలో మనకు గల యుత్సాహము, పాతవి యేమైనవో విచారించుటయందు లేదు. బడి సంవత్సరము ముగియుచున్న యీ తరుణమున దీనిని గూర్చి రెండు మాటలు విన్నవింపగోరుచున్నాను. మన సంకల్పములు చెడుటకు కారణము బుద్ధిబలము చాలకపోవుట కాదు. లెక్క చూచుకొనుటకు సంవత్సరాంతమువరకు వేచియుండుటయే యని నా యభిప్రాయము.

ముందుగా నా తప్పునే చెప్పుకొందును. గత జూన్ మాసమున బడి తెరచిన దినమున నా దినచర్య పుస్తకపు మొదటి పుటలో మూడు సంకల్పములు వ్రాసికొంటిని. పిల్లల వ్యాసపుస్తకములను వారము దాటకుండ దిద్ది యిచ్చుట మొదటిది. తరగతిలో కోపముతో మాటలాడకుండుట రెండవది. నెలకొక మంచి గ్రంథమును చదువుట మూడవది. పుట త్రిప్పితిని. మరల దానిని చూచినది ఈ మార్చి మాసముననే. చదివిన గ్రంథములు నాలుగు. కోపము సంగతి నా విద్యార్థులే చెప్పవలయును. వ్యాసములను దసరా సెలవులవరకు శ్రద్ధతో దిద్దితిని. ఆ పిమ్మట పని పెరిగినదను నెపమున, కొన్నిటిని సరిగా చదువకయే చేవ్రాలు చేసితిని.

ఒక బాలుని పుస్తకము నాకు బుద్ధి చెప్పినది. అతడు 'విద్యార్థి' యను మాటను థకారమునకు మారుగా ధకారముతో వ్రాయును. అక్టోబరులో వ్రాసిన యా తప్పే మార్చివరకును వ్రాసియున్నాడు. దాని క్రింద ప్రతిసారియు నా చేవ్రాలున్నది. పిలిచి చూపగా, "తమరు గీత గీయలేదు గనుక సరియే యనుకొంటినండి" యనెను. నా సంకల్పము చెడినందులకు నష్టపడినవాడు నేను కాను, ఆ బాలుడు. అక్టోబరులోనే నా పుటను తెరచి చూచుకొనియున్నచో ఒక్క వారములో తీరెడి లోపము ఆరు నెలలు వేళ్లూనినది.

అచ్చుపని నేర్చి పైకి వచ్చిన అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ (1706–1790) తన స్వీయచరిత్రమున చెప్పిన పద్ధతి యిచట స్మరింపదగినది. అతడు మితభోజనము, మౌనము, పొదుపు, వినయము మున్నగు 13 సుగుణముల నేర్పరచుకొని, చిన్న పుస్తకమున నొక్కొక్కదాని కొక్కొక్క పుట నుంచెను. ప్రతి పుటయందును ఎఱ్ఱసిరాతో ఏడు దినములకు ఏడు గడులు గీసి, ఏనాటి తప్పునకు ఆనాడే నల్లచుక్క పెట్టుచుండెను. వారమునకొక సుగుణముపై ప్రత్యేక శ్రద్ధ; 13 వారములకు ఒక యావృత్తి; సంవత్సరమునకు 4 ఆవృత్తులు. తాననుకొనినదానికంటె తనయందు దోషము లధికముగా నున్నవని తెలిసి యాశ్చర్యపడితిననియు, అవి తగ్గుట చూచి తృప్తి నొందితిననియు అతడు వ్రాసెను. పనులను వస్తువులను క్రమములో నుంచుకొనుట మాత్రము అతనికి చక్కగా వశము కాలేదు. 1784లో ఈ భాగమును వ్రాయుచు ఆ యోటమిని దాచలేదు. పరిపూర్ణత యందకున్నను, ఆ ప్రయత్నము చేయనిచో నుండెడి దానికంటె మేలైన మనుష్యుడ నైతినని చెప్పుకొనెను.

ఇట్లు చుక్కలు పెట్టుకొనుచుండిన పిల్లలకు అధైర్యము కలుగదా యని కొందఱు తల్లిదండ్రులు శంకింపవచ్చును. ఆ చుక్క శిక్ష కాదు. వర్తకుడు నాటి నష్టమును నాడే చిట్టాలో వ్రాయును. అందులకు సిగ్గుపడడు, వ్రాయకుండుటకే భయపడును. ఏటి చివరను ఒక్కమారుగా బయటపడిన నష్టమే గుండె పగులగొట్టును.

కావున విద్యార్థులారా, "ఈ యేడు బాగుగా చదివెదను" అని వ్రాసికొనకుడు. దానిని లెక్కించుటకు వీలులేదు. "ప్రతి సాయంకాలము ఐదు లెక్కలు చేసెదను" అని వ్రాసికొనుడు. శనివారమున పది నిమిషములు ఆ పుటను చూడుడు. మూడు నెలలు యత్నించినను సాగనిచో సంకల్పమును తగ్గించుకొనుడు, విడువకుడు. తల్లిదండ్రులారా, వార్షికపరీక్షా ఫలితములు వచ్చిననాడు కోపించుటకంటె వారమున కొకసారి ప్రేమతో అడుగుట మేలు.

వచ్చు జూన్ మాసమున నా పుటలో నొక్కటే సంకల్పముండును: వ్యాసములను చదివి, దిద్ది, వారములో తిరిగి యిచ్చుట. శనివారమునకు పుస్తకములు చేతికి రానిచో నన్ను నిలిపి యడుగుటకు నా తరగతి పిల్లలకు ఈ సంచిక మూలముననే అనుమతి నిచ్చుచున్నాను.