షరమ్ మనది, తక్లీఫ్ ఆమెది

“బుర్ఖాలో ఉండేదానికి ఇవన్నీ ఎందుకమ్మా, ఎవరు చూడొచ్చారు?” క్యాన్సర్ వల్ల రొమ్ము తీసేసిన ఆడమనిషి, మళ్లీ రొమ్ము కట్టించుకుంటానని అడిగితే మన ఖాందానుల్లో ముందు వినపడే మాట ఇది. మగవాళ్లొక్కరే అంటున్నారనుకోకండి, సాసులూ ననదులూ అంటారు. ఎవరు చూస్తారా? స్నానం చేసేటప్పుడు ఆమె చూసుకుంటుంది సాబ్, రోజూ.

సరే, వద్దనే ఇళ్లను పక్కన పెడదాం. ఒప్పుకున్న ఇళ్లను చూస్తే నాకు ఇంకా మండుతుంది. డాక్టర్ చెప్పింది భాయిజాన్ వింటాడు. కాగితాల మీద దస్తఖత్ షోహర్ చూపించిన చోట ఆమె పెడుతుంది. ఆమె దాకా వచ్చేది ఒక్క ముక్క: “చిన్న బెలూన్ పెడతారంట, ఫికర్ చెయ్యకు.”

ఆ బెలూన్ పేరు టిష్యూ ఎక్స్‌పాండర్. సిలికాన్ సంచి. రొమ్ము తీశాక మిగిలిన చర్మం కిందో, ఛాతీ కండరం కిందో పెట్టి కుడతారు. గాయం మానాక కొన్ని వారాలపాటు సూదితో సెలైన్ కొంచెం కొంచెం ఎక్కిస్తూ చర్మాన్ని సాగదీస్తారు. చాలినంత సాగాక దాన్ని తీసి ఇంప్లాంట్ పెడతారు. అంటే ఆపరేషన్లు కనీసం రెండు. ఎక్కించినప్పుడల్లా ఛాతీ బిగుసుకుని నొప్పి. సజ్దా కష్టమైతే కూర్చుని సైగతో చదువుకునే ఇజాజత్ ఉంది, అది కూడా ఎవరో చెప్పాలి ఆమెకి.

ఇక చెప్పకుండా మింగేసే హిసాబ్. ఇన్ఫెక్షన్ రావచ్చు. రక్తం సరిగా అందక పైచర్మం నల్లబడి చచ్చిపోవచ్చు. లోపల నీరు చేరవచ్చు. సంచి కారిపోవచ్చు, పక్కకి జరగవచ్చు, చర్మం పలచబడి బయటికి తేలవచ్చు. చుట్టూ గట్టి పొర కట్టి రాయిలా తయారవ్వచ్చు. రేడియేషన్ ఇస్తే ఈ ఇబ్బందులు బాగా పెరుగుతాయి. షుగర్ ఉన్నా, పొగాకు అలవాటున్నా, ఒళ్లు భారీగా ఉన్నా అంతే. షుగర్ లేని ఇల్లు మనలో ఎక్కడుంది? చాలా ఎక్స్‌పాండర్లలో సూది గుచ్చే చోటు దొరకడానికి అయస్కాంతం ఉంటుంది, అలాంటిది ఒంట్లో ఉండగా ఎమ్మారై తీయించకూడదు. కంపెనీ పేరు, రకం రాసిన కార్డు అడిగి దాచుకోవాలి. 2019 జూలైలో అమెరికా ఎఫ్‌డీఏ అడిగితే అలెర్గన్ కంపెనీ తన బయోసెల్ గరుకు ఇంప్లాంట్లనీ ఎక్స్‌పాండర్లనీ వెనక్కి తీసుకుంది. అరుదైన ఒక లింఫోమా వాటితో ముడిపడి కనిపించింది కాబట్టి.

మా ఖాలా కూతురి సంగతి చెప్తాను. ఆపరేషనైన మూడో వారం, ఛాతీ మీద అరచేతంత మేర ఎర్రగా వేడెక్కింది. రాత్రి జ్వరం. డ్రెస్సింగ్ గదిలో ఉండేది కుర్ర డాక్టర్. అతనికి చూపించలేక పెద్ద డాక్టరమ్మ వచ్చేదాకా ఆగింది. ఇంట్లో చెబితే దేవర్ దాకా వెళ్తుందని పారాసిటమాల్ మింగింది. పక్కింటి చాచీ సబర్ చెయ్యమంది. నొప్పికి సబర్ సరే, చీముకి సబర్ ఏంటి? నాలుగో రోజు ఎక్స్‌పాండర్ తీసేశారు, కీమో వెనక్కి జరిగింది. ఎరుపు, వేడి, జ్వరం, నీరు కారడం, ఏది కనిపించినా అదే రోజు రావాలని డిశ్చార్జ్ కాగితంలో రాసే ఉంది. ఇంగ్లీషులో. దేవర్ ఫైల్లో.

అదే రోజు వెళ్తే మందులతోనే సంచి నిలిచే అవకాశం ఉంటుంది. ఆడ డాక్టర్ దొరక్కపోతే ఇలాజ్ కోసం మగ డాక్టర్ చూడటం జాయిజే. పక్కన నర్సునో అమ్మీనో ఉంచుకోండి. హయా అంటే జ్వరం దాచుకోవడమని ఏ ఆలిమ్ చెప్పాడు?

“అల్లా చేసినదాన్ని మారుస్తారా” అనేవాళ్లకి అర్ఫజా బిన్ అస్అద్ (రజి.) సంగతి గుర్తు చేస్తాను. కులాబ్ యుద్ధంలో ఆయన ముక్కు పోయింది. వెండి ముక్కు పెట్టించుకుంటే అది వాసన పట్టింది. అప్పుడు రసూలుల్లా (స.అ.స.) బంగారు ముక్కు పెట్టించుకోమన్నారు, మగవాళ్లకి బంగారం హరామ్ అయినా. అబూ దావూద్‌లో, తిర్మిజీలో ఉంది. పోయినదాన్ని తిరిగి కట్టుకోవడమూ, పెట్టింది చెడితే చెప్పుకోవడమూ, రెండూ అందులోనే ఉన్నాయి.

కాబట్టి భాయియో, ఈసారి డాక్టర్ గదిలో కుర్చీ ఆమెకి వదలండి. ఆమె అడగాలి. నాకు రేడియేషన్ ఉందా? ఉంటే ఎక్స్‌పాండర్ ఇప్పుడా, తర్వాతా? నా వీపు, నా పొట్ట కండతో కట్టే దారి ఉందా? చెడితే రాత్రి ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలి? తెలుగులోనో ఉర్దూలోనో రాసివ్వగలరా? అన్నీ విని ఏదీ వద్దు, చదునుగానే ఉంటాను, బ్రాలో గుడ్డ ప్యాడ్ చాలు అంటే, ఆ ఫైసలా కూడా ఆమెదే. సాసులు అప్పుడూ మాట్లాడొద్దు.