తొలిచూలు మేకకు పహిల్వాన్ పోతు ఎందుకు?

బక్రీద్ ఒకటి గడిచిందో లేదో, మన మొహల్లాల్లో మరుసటి బక్రీద్ కోసం హిసాబ్ మొదలవుతుంది. "ఫలానా భాయ్ దగ్గర జమునాపారీ పోతు ఉందట. నడుము దాకా వస్తుందట. మన మేకను అక్కడికి తోలుకుపోదాం, పిల్ల కూడా అలాగే పుడుతుంది." ఇంట్లో ఉన్న మేక ఏది? ఇంకా ఒక్క ఈత కూడా ఈనని నాటు మేక. దాన్ని తాడు పట్టి లాక్కుపోయి ఆ పహిల్వాన్ ముందు నిలబెడతారు. "బడా బక్రా, బడా దామ్" అని ఖుష్ అవుతారు.

నేను ఖుల్లంఖుల్లా చెబుతున్నాను, ఈ రివాజు గలత్. తొలిచూలు మేకకు పెద్ద నస్ల్ పోతును దాటించడం ఫాయిదా కాదు, జూదం. అందులో పందెం పెట్టేది మేక జాన్.

కడుపులో పిల్ల ఎంత పెరగాలన్న దాంట్లో తండ్రి హిస్సా కూడా ఉంటుంది. కానీ పిల్ల బయటికి రావలసిన దారి మాత్రం తల్లిది. తండ్రి జమునాపారీ అయినా, బీటల్ అయినా, బోయర్ అయినా ఆ దారి ఒక్క అంగుళం వెడల్పు కాదు. పైగా తొలి ఈతలో చాలా మేకలు ఒక్క పిల్లనే మోస్తాయి. తల్లి ఇచ్చే తాకత్ అంతా ఆ ఒక్కదానికే పోతుంది కాబట్టి, అది కవల పిల్లల కన్నా బరువుగా పుడుతుంది. తల్లేమో తానే ఇంకా ఎదుగుతున్న పిల్ల. ఇక నొప్పుల రాత్రి ఏమవుతుందో మేకలు పెంచిన ఏ నానీని అడిగినా చెబుతుంది. తల ఇరుక్కుంటుంది, ఎవరో చేయి పెట్టి లాగుతారు, పిల్ల చచ్చి బయటికొస్తుంది. మేక బతికినా లోపల గాయపడి, చీము పట్టి, మళ్ళీ చూడి కట్టకుండా మిగిలిపోవచ్చు. అప్పుడు ఖసాయి చెప్పిన రేటే రేటు.

"ఇవన్నీ జాలి మాటలు, ధందాలో చెల్లవు" అనే జనాబ్‌లకు ధందా మాటే చెబుతాను. గొడ్డు మాంసమే రోజీగా బతికే అమెరికా రాంచీల వాళ్ళను చూడండి. వాళ్ళకు కిలో ఎక్కువ వస్తే చేదా? అక్కడ నెబ్రాస్కాలోని క్లే సెంటర్ అనే చోట సర్కారీ పరిశోధన కేంద్రం ఉంది. 1970ల మొదట్లో అక్కడ హెర్‌ఫర్డ్, ఆంగస్ ఆవులకు రకరకాల నస్ల్ ఆంబోతులను దాటించి, పుట్టిన దూడలను తూచారు, ఈనడంలో ఎంత తక్లీఫ్ వచ్చిందో రాసుకున్నారు. షారొలే, సిమెంటల్ లాంటి భారీ ఆంబోతుల దూడలు బరువుగా పుట్టాయి, కష్టపు ఈతలూ ఎక్కువయ్యాయి. జెర్సీ దూడలు చిన్నవిగా పుట్టి సులువుగా బయటపడ్డాయి. తొలిచూలు పెయ్యలకు భారీ నస్ల్ పెట్టొద్దని, చిన్న దూడలనిచ్చే ఆంగస్ లాంటి ఆంబోతును చూసుకోవాలని అక్కడి రైతులు అనడం ఊరికే కాదు. భారీ ఆంబోతును రెండు మూడు ఈతలు దాటిన ముదురు ఆవులకు అట్టిపెడతారు. వేల పశువులున్న వాడే ఇంత లెక్క చూసుకుంటుంటే, మూడు మేకలున్న మనం జూదమాడతామా?

ఇంకో సవాల్ వస్తుంది. "నాటు పిల్లకు బక్రీద్ సంతలో ఏం దామ్ వస్తుంది?" మంచి సవాలే. పెద్ద పిల్లకు రెండు వేలు ఎక్కువే వస్తాయనుకుందాం. ఒక్క మేక ఈతలో చచ్చిందంటే పోయేది ఆ రెండు వేలా? పిల్ల పోయింది, తల్లి పోయింది, ఆ తల్లి మున్ముందు ఈనబోయే పిల్లలన్నీ పోయాయి. ఇంట్లో చాయ్‌కి పాలు పోయాయి. ఖుర్బానీకి మేకపిల్లకు ఏడాది నిండాలి, ఒంట్లో ఐబ్ ఉండకూడదు. బతికి బాగున్న పిల్లకే ఆ బజార్, సంచిలో చుట్టి పాతిపెట్టిన దానికి కాదు.

ఈ నుక్సాన్ ఎవరి నెత్తిన పడుతుందో కూడా చూడండి. పోతు యజమాని దాటింపు పైసలు అప్పుడే జేబులో వేసుకున్నాడు. "ఫికర్ మత్ కరో ఆపా, నా పోతుది గ్యారంటీ" అన్నవాడు, అయిదు నెలల తర్వాత అర్ధరాత్రి లాంతరు పట్టుకుని మన దొడ్డిలో కూర్చోడు. కూర్చునేది మన అమ్మీలు, ఖాలాలు. మన గరీబ్ ఇళ్ళల్లో మేక అంటే ఆడవాళ్ళ బ్యాంకు. బిడ్డ ఫీజు, మందుల ఖర్చు, పండగ బట్టలు అందులోంచే వస్తాయి. మగాళ్ళ షౌక్ కోసం వాళ్ళ పూంజీని పందెంలో పెట్టే హక్ ఎవరిచ్చారు?

పెద్ద నస్ల్‌లతో నాకు దుష్మనీ లేదు. వేళ చూసి వాడమంటున్నాను. మొదటి ఈతకు మన ఉస్మానాబాదీ లాంటి పోతు చాలు. నిజాం కాలం నుంచీ మన పొడి నేలల్లో బతికిన నస్ల్ అది. ఎండకు ఆగుతుంది, దాని పిల్లలు పుట్టేటప్పుడు రెండు రెండున్నర కిలోలే ఉంటాయి. ఎదకు వచ్చింది కదా అని తొందరపడొద్దు. పెద్దయ్యాక 32 కిలోలు తూగే మేకకు కనీసం 21 కిలోలు వచ్చాకే పోతును చూపించండి. రెండో ఈతో మూడో ఈతో సలామత్‌గా అయ్యాక, ఒళ్ళు గట్టి మేకను పెద్ద పోతు దగ్గరికి తోలుకుపోండి, నేనూ మాషాఅల్లాహ్ అంటాను.

పోతును కిరాయికి తీసుకునేటప్పుడు దాని ఎత్తు, చెవుల పొడుగు కాదు అడగాల్సింది. "దీని పిల్లలు పుట్టేటప్పుడు ఎంత బరువున్నాయి? తొలిచూలు మేకలు ఎన్ని సులువుగా ఈనాయి?" అని అడగండి. జవాబు లేనివాడి దగ్గర దాటింపు వద్దు. ఒక మొహల్లా కలిసి చందా వేసుకుని ఒక మంచి చిన్న పోతును పెట్టుకోవచ్చు. రెండేళ్ళకోసారి దాన్ని మార్చాలి, లేకుంటే సొంత బిడ్డలనే దాటుతుంది.

ఇప్పటికే పెద్ద పోతుతో చూడి కట్టిన తొలిచూలు మేక ఉంటే, చివరి నెలన్నర దానా మితంగా పెట్టండి. మాడ్చొద్దు, కొవ్వెక్కేలా మేపొద్దు. పిల్ల ఎక్కువగా పెరిగేది అప్పుడే. నొప్పులు గట్టిగా వస్తూ అరగంటైనా పిల్ల ముందుకు కదలకపోతే లాగొద్దు, డాక్టరును పిలవండి. రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య సేవకు 1962 నంబరు ఉంది.

వచ్చే బక్రీద్‌కు ఎవరి బక్రా ఎంత ఎత్తో మాట్లాడుకునే ముందు, దాని తల్లి బతికుందా అని ఒక్కసారి అడగండి భాయ్.