సంపాదకుని మాట: వానలకు ముందే అడగాల్సింది
2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలినప్పుడు ఊరి బడిలోనే వైద్య శిబిరం నడిపారు. పెద్దాసుపత్రిలో పడకలు పెంచితే చాలనుకునేవారు దీన్ని గమనించాలి. అతిసారంలో ప్రాణం తీసేది చాలావరకు ఒంట్లో నీరు ఇంకిపోవడమే. ఓఆర్‌ఎస్, సెలైను వేళకు అందితే మనిషి దక్కుతాడు. ఆ వేళ గంటల లెక్క కాబట్టి మొదటి ఏర్పాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉండాలి, శ్రీకాకుళంలోనో విశాఖలోనో కాదు. కళింగపట్నం తీరానికి ఇది మరీ వర్తిస్తుంది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను ఈ పరిసరాల్లోనే తీరం దాటింది. అప్పటికి కోవిడ్ ఇంకా పోనేలేదు. గాలివానకు కరెంటు, దారి, మంచినీరు ఒక్కసారే తెగిపోతాయి. వంశధార వరదనీరు బావుల్లో కలిస్తే రోగం ఆ వెనకే వస్తుంది.

ఇలాంటి రోగులకోసం ఆరోగ్య కేంద్రంలో ఒక గది విడిగా ఉంచాలంటే, రోగం లేని రోజుల్లో ఆ ఖాళీ గది దండగ కాదా అంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ వేరే వాకిలి, గాలి ఆడే కిటికీలు ఉన్న గది మామూలు రోజుల్లో క్షయ రోగులకు పనికొస్తుంది. చేతులు కడుక్కునే కుళాయి ఏ రోజు దండగ? అయినా సామాను కొనడం తేలిక (రిబ్బను కత్తిరించడం ఇంకా తేలిక), దాన్ని నడిపే సిబ్బందికి ఏటా తర్ఫీదు ఇవ్వడమే కష్టం. వానలు మొదలవకముందే మీ ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, జనరేటరు నడుస్తోందా అని ఒక్కసారి అడగండి.