చక్రం విప్పే చేతికి ‘వద్దు’ అనే హక్కు

చేతిపనీ చదువూ – 9



మన కవిత్వంలో కాలచక్రాలూ ధర్మచక్రాలూ చాలానే తిరిగాయి. ఇవాళ మనం మాట్లాడుకునేది మినీ ట్రాక్టరు వెనక చక్రం. మిర్చి సాళ్ల మధ్యా, బత్తాయి చెట్ల కిందా దూరి తిరిగే 20, 25 హార్స్‌పవర్ బండి చక్రం.

దాని రిమ్ము తుప్పు పట్టినా, సొట్ట పడినా, డిస్కు పగిలినా మన ఊళ్లలో ఎవరూ షోరూముకు మోసుకుపోరు. అదునులో ఒక్కరోజు బండి ఆగినా చేను ఆగదు, కలుపు ఆగదు. అందుకే పాకలోనో, వేపచెట్టు కిందో విప్పేస్తారు. దాన్ని నేను తప్పు పట్టను. మనం వాడే వస్తువును మనమే విప్పి బాగుచేసుకోగలగడం చిన్న తెలివేం కాదు.

నా వాదన వేరే. చక్రం విప్పే చేతికి పనిముట్లు ఉండాలి. పని తెలిసి ఉండాలి. ప్రాణం మీదికి వచ్చే చోట ‘వద్దు’ అనే అధికారం ఉండాలి. మొదటి రెండూ మనవాళ్లు ఎలాగోలా సంపాదించుకుంటున్నారు. మూడోదే ఎవరూ ఇవ్వడం లేదు.

ముందు పని సంగతి చెప్పుకుందాం. పని తెలియకుండా హక్కు గురించి మాట్లాడితే అది ఉపన్యాసమే అవుతుంది.

రిమ్ము ఊరికే పాడవదు. వెనక టైరుకు బరువు రావాలని, నేల మీద పట్టు దొరకాలని ట్యూబులో నీళ్లు నింపుతాం. వాల్వు దగ్గర చుక్కచుక్కగా కారిన నీళ్లు రిమ్ముకూ ట్యూబుకూ మధ్య నిలిచిపోతాయి. దానికి తోడు బురదా, ఎరువూ. తుప్పు లోపలి నుంచి తింటుంది కాబట్టి బయట రంగు బాగానే కనిపిస్తుంది. రెండో కారణం నట్లు వదులవడం. వదులు నట్ల మీదే నాలుగు రోజులు బండి తోలితే డిస్కు రంధ్రాలు గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తాయి, స్టడ్డులు అరిగిపోతాయి. మూడోది రాయో గట్టో తగిలిన దెబ్బ.

విప్పేటప్పుడు బండి గట్టి చదును నేల మీద ఉండాలి. వెనక తగిలించిన గొర్రు, రోటవేటరు ఏదున్నా తీసేయాలి. బ్రేకు వేసి, గేరులో పెట్టి, మిగతా చక్రాలకు ముందూ వెనకా దుంగలు అడ్డం పెట్టాలి. చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. ట్రాక్టరు ముందు ఇరుసు మధ్యలో ఒక పిన్ను మీద అటూ ఇటూ ఊగుతుంది. వెనక ఒకపక్క జాకీతో ఎత్తినప్పుడు బండి పక్కకు ఒరిగేది అందుకే. ఆ ఇరుసుకూ పైనున్న ఫ్రేముకూ మధ్య రెండువైపులా చెక్కముక్కలు బిగిస్తే ఊగదు. మినీ ట్రాక్టరు వెడల్పు తక్కువ కాబట్టి ఇది ఇంకా ముఖ్యం.

చక్రం నేల మీద ఉండగానే నట్లు ఒక చుట్టు వదులు చేయాలి. పూర్తిగా విప్పేది ఎత్తిన తర్వాతే. జాకీని నమ్ముకుని బండి కింద చేయి పెట్టకూడదు. ఇరుసు కింద దుంగలు పేర్చి బరువును వాటి మీదికి దించాలి. టైరులో నీళ్లుంటే వాల్వును కిందికి తిప్పి ముందు వదిలేయాలి. నీళ్లున్న చక్రం ఒక్కడు పట్టే బరువు కాదు, మీద పడితే కాలు మిగలదు.

ఇక అసలు మాట. టైరు రిమ్ము మీద ఉండగా వెల్డింగు మంట పెట్టకూడదు. గాలి తీసేసినా సరే, పెట్టకూడదు.

గాలి తీసేశాం కదా, ఇంకేం పేలుతుంది అనుకుంటారు. రిమ్ము వేడెక్కితే లోపలి రబ్బరు ఉడికి మండే వాయువులు వదులుతుంది. మూసుకున్న చోట ఆ వాయువులు చేరి అంటుకుంటే టైరు బాంబులా పేలుతుంది. వెల్డింగు చేసేవాడి ముఖం అప్పుడు రిమ్ముకు మూరెడు దూరంలో ఉంటుంది. కాబట్టి టైరూ ట్యూబూ పూర్తిగా ఊడదీసి, ఒట్టి రిమ్మును పక్కకు తెచ్చుకోవాలి. తుప్పు తిన్న చోటు మంచి ఇనుము తగిలేదాకా కోసి, అంతే మందం రేకు అతికి, లోపలివైపు గ్రైండరుతో నున్నగా చేయాలి. లేదంటే ఆ గరుకే ట్యూబును కోస్తుంది. తర్వాత రెడ్ ఆక్సైడు, దాని మీద రంగు.

ఇంటి దగ్గర చేయకూడనివీ ఉన్నాయి. డిస్కు రంధ్రాలు గుడ్డు ఆకారానికి వస్తే వెల్డింగుతో నింపి మళ్లీ డ్రిల్లు వేయడం వద్దు, డిస్కు మార్చాలి. టైరు అంచు కూర్చునే చోట పగులు వస్తే రిమ్మే మార్చాలి.

మళ్లీ ఎక్కించేటప్పుడు వెనక నుంచి చూస్తే టైరు గట్ల మొన పైకి ఉండాలి. గాలి పట్టేటప్పుడు టైరుకు ఎదురుగా కాదు, పక్కకు నిలబడాలి. అంచు కూర్చోవడం లేదని గాలి పెంచుతూ పోకూడదు. 35 పాయింట్లకు కూర్చోకపోతే గాలి తీసి, సబ్బునీళ్లు రాసి మళ్లీ మొదలుపెట్టాలి. నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. గంటసేపు పని చేశాక మరోసారి బిగించాలి.

ఇంతే పని. ఒక పూట పడుతుంది. ఆ ఒక్క పూట దగ్గరే మన సమాజం బయటపడుతుంది.

మా బాబాయి కొడుకు ఒకడు తొమ్మిదేళ్లుగా ఒక ఆసామి దగ్గర డ్రైవరు. పోయిన ఏడాది వాల్వు దగ్గర రిమ్ము చిల్లు పడింది. “గాలి తీసి టైరు మీదే రెండు టాకాలు పెట్టించరా, విప్పుతూ కూర్చుంటే పూటంతా పోద్ది” అన్నాడాయన. “టైరు ఊడదీయకుండా మంట పెట్టనండి” అన్నాడు వీడు. దానికి వచ్చిన జవాబు: “నాలుగు అక్షరాలు రాగానే మాకే చెప్పేటోళ్లయ్యారా?”

గమనించండి. ఆయన మాటలో టైరు లేదు, మంట లేదు. వీడు చెప్పింది యంత్రం సంగతి. ఆయనకు వినిపించింది కులం సంగతి. వీడు విప్పే చేశాడు. లోపల తుప్పు జానెడు మేర తినేసి ఉంది. ఆ పూట కూలి మాత్రం కోతపడింది.

తెలుగు పాఠం చెప్పేవాణ్ని కాబట్టి ఒక వ్యాకరణ విషయం. ‘చేయు’ వేరు, ‘చేయించు’ వేరు. రెండోదాన్ని ప్రేరణార్థకం అంటాం. ఊళ్లో ఆసామి రచ్చబండ మీద కూర్చుని “మా బండి చక్రం ఇంటిదగ్గరే బాగుచేశాం” అంటాడు. చేసింది ఎవరు? చేయించింది ఎవరు? పని బాగా కుదిరితే ‘చేశాం’ అవుతుంది. ఏదైనా పేలితే “వాడే చేశాడు, నేను చెప్పలేదు” అవుతుంది. పేరు వచ్చేటప్పుడు ఒక క్రియ, ప్రాణం పోయేటప్పుడు ఇంకో క్రియ.

ఇది ట్రాక్టరుతో మొదలైన సంగతి కాదు. ఎడ్లబండి కాలంలో చక్రానికి ఆకులు పెట్టింది వడ్రంగి, ఇనుప పట్టా తొడిగింది కమ్మరి. మోట బొక్కెనకు తోలు కుట్టింది మాదిగ. పొలం నడిచింది ఈ చేతుల వల్ల. వాళ్లకు కళ్లం దగ్గర మేర కొలిచారు గానీ, వాళ్లకు తెలిసినదాన్ని ‘విద్య’ అని రాయలేదు. 1941లో జాషువా ‘గబ్బిలం’ రాసి చెప్పులు కుట్టే మనిషిని కావ్యనాయకుణ్ని చేశాడు. ఆ కావ్యాన్ని మేం తరగతిలో పాఠంగా చెబుతాం. ఆ మనిషి చేతిలోని పనిని మాత్రం ఇప్పటికీ ఏ తరగతిలోనూ చదువుగా లెక్కపెట్టం. కులం పనిని పంచడంతో ఆగదు, పనిచేసేవాళ్లను మెట్లుమెట్లుగా విడగొడుతుందని అంబేడ్కర్ 1936లోనే తేల్చాడు. కింది మెట్టు మీద ఉన్నవాడికి పని తెలిసినా, ఆ తెలివికి పై మెట్టు మీద విలువ ఉండదు.

“మీవాళ్లూ ట్రాక్టర్లు కొంటున్నారుగా” అంటారు. కొంటున్నారు, సంతోషం. కానీ 2011 జనాభా లెక్కల్లో దేశంలో 16.6 శాతం ఉన్న దళితుల చేతిలో, 2015–16 వ్యవసాయ గణన ప్రకారం సాగుభూమి 9 శాతం కూడా లేదు. భూమి లేనివాడు స్టీరింగు పట్టుకున్నా అది ఎక్కువగా పరాయివాడి బండే. సొంత బండి ఉన్నవాడికైనా ఇదే చెబుతాను. తమ్ముడూ, ఈఎంఐ తరుముతోందని టైరు మీద మంట పెట్టించకు. వెల్డింగు షాపులో పనిచేసే పిల్లాడిదీ ప్రాణమే.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోండి. 1923 నాటి నష్టపరిహార చట్టం జాబితాలో ట్రాక్టరుతో చేసే సాగు పని ఉండేది. 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ పనిలో ప్రమాదం జరిగితే పరిహారం ఇవ్వాలనే అధ్యాయం ఉంది. మనదగ్గర డ్రైవరుకు దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ‘దయ’గా వస్తుంది. పెద్దమనుషులు కూర్చుని ఒక అంకె తేలుస్తారు. అది దయ కాదు, బాకీ.

అడగాల్సినవి పెద్దవేం కాదు. మంచి జాకీ, సరైన వీల్ పానా, కళ్లద్దాలు ఆసామి ఖర్చుతో ఉండాలి. చక్రం విప్పిన పూట కూడా పని పూటే, కూలి కోయకూడదు. ఐటీఐల్లో, వ్యవసాయ పాలిటెక్నిక్‌లలో ఈ డ్రైవర్లకు నాలుగు రోజుల శిక్షణ తెలుగులో ఇచ్చి కాగితం చేతికివ్వాలి. అన్నిటికంటే ముందు, “ఇలా చేయనండి” అని డ్రైవరు అంటే ఆ మాట దగ్గర పని ఆగాలి. బండి ఎవరిదైనా సరే.

రిమ్ము పోతే బజారులో ఇంకోటి దొరుకుతుంది. టైరు విప్పడానికి ఒక పూట ఇవ్వలేని ఇంట్లో, ఆ పూట మిగుల్చుకోవడానికి ఇంకొకడి ముఖాన్ని పణంగా పెడుతున్నారని అర్థం. డ్రైవరు అన్నలూ తమ్ముళ్లూ, ఈసారి ఆ మాట వచ్చినప్పుడు చేతిలోని పానా కింద పెట్టండి. టైరు ఊడదీశాకే మళ్లీ పట్టుకోండి.

(పదో భాగం వచ్చే ఆదివారం)