కోట సరే, బావేదీ?

మా ఆఫీసు కుర్రాళ్ళు ఓ కంప్యూటర్ ఆట కోసం కోట ఊరు గీశారు. చుట్టూ రాతిగోడ, కందకం, ఎత్తే వంతెన, మూలమూలకీ బురుజు. "బావి ఏదబ్బాయ్?" అంటే తెల్లమొహాలు వేశారు! గాదెల్లేవు, సంత లేదు. శత్రువు చుట్టుముడితే మూడోరోజుకి తలుపులు తియ్యాల్సిందే. సర్వర్లో ఏముందో చూడకుండా ఫైర్‌వాల్ కొన్నట్టుంది యవ్వారం.

మాది నందిగామ. పక్కనే జగ్గయ్యపేట, ఒకప్పటి బేతవోలు. 200 ఏళ్ళ పైచిలుకు కిందట వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తండ్రి పేరు పెట్టి దాన్ని పేట చేశాడు. పేటంటేనే అంగళ్ళు, వర్తకులు. కొండపల్లి కోట ఎక్కి చూడండి, అంతెత్తునా కోనేరుంది. ఇవన్నీ బస్సు దూరంలో పెట్టుకుని మనవాళ్ళు ఇంగ్లీషు సినిమా కోటే కాపీ కొడతారేం?

ఊళ్ళో నీళ్ళూ గింజలూ లేకపోతే గోడ దేన్ని కాస్తుంది? ముందు బావి తవ్వండి, తర్వాత బురుజు కట్టండి. కాదంటారా?