తీర్పునకు ముందే శాసనము

నేరము జరిగిన పిమ్మట చట్టము వ్రాసి దండించుట న్యాయము గాదని న్యాయస్థానపు మెట్లెక్కిన ప్రతివానికిని దెలియును. ఔషధ పరీక్షలయందును ధర్మమిదియే. పరీక్షను గడువునకు ముందెప్పుడు ఆపవచ్చునో తెలుపు నియమము, మొదటి రోగి చేరుటకు పూర్వమే వ్రాయబడి యుండవలెను.

క్రొత్త మందును పరీక్షించునపుడు కొందరికి ఆ మందును, మరికొందరికి వట్టి మాత్రను ఇచ్చి ఏండ్ల తరబడి చూతురు. మందు మేలు చేయునని నడుమనే తేలినచో, మిగిలినవారికి దానిని దక్కనీయకుండుట ధర్మమా? కీడు చేయునని తేలినచో, కొనసాగించుట పాపము గాదా? అమెరికాలో గుండెపోటు నుండి బ్రతికి బయటపడిన 3,837 మందిపై జరిగిన ప్రొప్రానొలాల్ పరీక్షను, మరణములు తగ్గుట స్పష్టమైనందున, 1981లో గడువునకు తొమ్మిది నెలల ముందే ముగించిరి. గుండె లయను సరిదిద్దునని నమ్మిన ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అను మందులను పుచ్చుకొన్నవారే ఎక్కువగా మరణించుచుండుట గని, 1989లో ఆ రెంటి పరీక్షను నిలిపివేసిరి. ఆలస్యమైనచో ఇంకెందరి ప్రాణములు పోయి యుండెడివో!

అట్లని తోచినపుడెల్ల లెక్కలు విప్పి చూడరాదు. నూటికి 5 పొరపాట్లకు మాత్రమే తావిత్తుమని పూని, అదే కొలతతో అయిదు మారులు చూచినచో, ఆ పొరపాటు నూటికి దాదాపు 14 వరకు పెరుగును. కోరిన పందెము పడు వరకు పాచికలు వేయుచుండువానికి గెలుపొక వింతయా?

ఈ చిక్కు విడదీయుటకే 1977లో పోకాక్, 1979లో ఓబ్రియన్, ఫ్లెమింగులు హద్దులు నిర్ణయించిరి. కడపటివారి పద్ధతిలో మొదటి పరిశీలనలకు అతి బలమైన సాక్ష్యము కావలెను. తుదకు వచ్చుకొలది హద్దు సడలును. 1983లో లాన్, డిమెట్సులు పొరపాటును బొక్కసములోని ధనమువలె కొంచెము కొంచెముగ వ్యయపరచు మార్గము చూపిరి. ఈ లెక్కలను నేడు కంప్యూటరు క్షణములో కట్టును. జీఎస్‌డిజైన్, ఆర్‌పాక్ట్ అను సాఫ్ట్‌వేరులు ఉచితముగ లభించును. వాని లోపలి సూత్రములను తెలిసినవారెవరైనను చదివి సరిచూచుకొనవచ్చును.

కాని యంత్రము అడిగినదానికే బదులిచ్చును. ఎన్ని మారులు చూడవలెను, ఎంత మేలును మేలుగ నెంచవలెను, ఫలము లేదని ఎప్పుడు విరమింపవలెను: ఇవి మనుష్యులు నిర్ణయింపవలసినవి. ముందుగ ఆపిన పరీక్షలో మేలు ఉన్నదానికంటె పెద్దదిగ గానవచ్చును. అరుదుగ కలుగు కీడులు బయటపడకపోవచ్చును. కావున తొందరపాటును దోషమే. హద్దు దాటెనో లేదో చూచు బాధ్యత మందు అమ్ముకొనువారికి గాక, వారితో సంబంధము లేని సంఘమునకు ఉండవలెను.

మన దేశమున ఔషధ పరీక్షల బహిరంగ పట్టిక 2007లో ఏర్పడినది. 2009లో అందు నమోదు తప్పనిసరి యైనది. మేము కోరునది యొక్కటే. ఆపుదల నియమమును, దానిని గట్టిన సాఫ్ట్‌వేరు పేరును, అందులకిచ్చిన అంకెలను, అందరును చూచునట్లు ఆ పట్టికలో ముందే వ్రాయవలెను. అంగీకార పత్రముపై వేలిముద్ర వేయు రోగి ఈ గణితము నెరుగడు. ఎరుగనివానికి ఎరిగినవారు ముందే మాట ఇచ్చి, లాభము వచ్చినను నష్టము వచ్చినను ఆ మాటకు కట్టుబడుటయే న్యాయము.