కానుకకు పేరుంటది, హక్కుకు ఉండదా?

కింది నుంచి పైకి పోయేదాన్ని కానుక అంటరు. పై నుంచి కిందికి వచ్చేదాన్ని వరం అంటరు. ఈ రెండు మాటల నడుమ హక్కు అనే మాట ఎటు పోయింది? ఈ ప్రశ్న అడగడానికి మేం ఈ వారం 1893 నాటి ఒక పెండ్లిని ఎంచుకున్నం. అది లండన్‌లో జరిగిన రాజుల పెండ్లి. ఎవరి పెండ్లో మనకెందుకని పేజీ తిప్పెయ్యొద్దు. ఆ పెండ్లి కానుకల మీద ఒక చిన్న దేశం పేరున్నది. అదే ఏడు ఆ దేశం తనను తాను ఏలుకునే హక్కు అడిగింది. కానుక తీసుకున్నరు. హక్కు కాదన్నరు. తెలంగాణోళ్లకు ఈ కథ విడమర్చి చెప్పాల్సిన పని లేదు. అయినా చెప్తం. ఎందుకంటే ఆ కానుకల అలవాటు ఇంకా మన నడుమనే తిరుగుతున్నది.

పెండ్లి ఎవరిది, నగలు ఎవరివి?

1893 జూలై 6న లండన్ సెయింట్ జేమ్స్ ప్యాలెస్‌లోని ప్రార్థన మందిరంలో విక్టోరియా రాణి మనుమడు జార్జ్‌కు, టెక్ వంశపు మేరీకి పెండ్లయింది. ఆ జార్జే 1910లో అయిదో జార్జ్ చక్రవర్తి అయిండు. 1911 ఢిల్లీ దర్బారులో మన సంస్థానాల రాజులు వరుసకట్టి వందనం చేసింది ఈయనకే. నిజానికి మేరీకి ముందు ఖాయమైంది జార్జ్ అన్న ఆల్బర్ట్ విక్టర్‌తో. 1892 జనవరిలో ఆయన ఫ్లూ జ్వరంతో పోయిండు. ఏడాది దాటినంక తమ్మునితో సంబంధం కలిసింది.

కానుకలు కుప్పలుగా వచ్చినయి. విక్టోరియా రాణి పెట్టిన వజ్రాల నగను 1919లో విప్పి, ఆ రాళ్లతో కొత్త కిరీటం చేయించిండ్రు. డోర్సెట్ కౌంటీ పేరు మీద ముడి ఆకారంలో వజ్రాల బ్రోచ్ వచ్చింది. లండన్‌లోని కెన్సింగ్టన్ వాసుల పేరు మీద ఇంకో బ్రోచ్ వచ్చింది. కౌంటీ అంటే మన జిల్లా అనుకోవచ్చు. నాయనమ్మ తన మనుమని పెండ్లికి నగ పెట్టడం ఏ ఇంట్లనైనా ఉన్నదే. ఆ సంగతి మేం మాట్లాడటం లేదు. జిల్లా పేరు మీద, పేట పేరు మీద నగ పెట్టడం వేరే సంగతి. జిల్లాకు చెయ్యి లేదు, జేబు లేదు. ఎవరో నలుగురు పెద్దమనుషులు కమిటీ వేస్తరు. చందా పుస్తకం తిరుగుతది. చివరికి పెట్టె మీద రాసేది మాత్రం ఊరందరి పేరు. ఇచ్చినోనిదీ ఇవ్వనోనిదీ, ఇష్టమున్నోనిదీ లేనోనిదీ ఒకటే పేరు.

ఆ కానుకలన్నిటిలో పేరుమోసింది ఒక టియారా. అంటే నెత్తికి ముందుభాగాన పెట్టుకునే వజ్రాల కిరీటం. దాని పేరే విచిత్రం. 'గ్రేట్ బ్రిటన్, ఐర్లండ్ ఆడపిల్లల టియారా'. లేడీ ఈవా గ్రెవిల్ పెద్దగా ఉన్న ఒక కమిటీ చందాలు పోగు చేసి, గారార్డ్ అనే నగల దుకాణంలో కొని మేరీకి ఇచ్చింది. ఆ టియారాను మేరీ తన మనుమరాలు ఎలిజబెత్‌కు 1947 పెండ్లిలో పెట్టింది. 1998 నుంచి 2015 దాకా అచ్చయిన బ్రిటన్ నాణేల మీద రాణి బొమ్మను చూసినోళ్లకు ఈ కిరీటం తెలుసు. ఆమె నెత్తి మీద ఉన్నది ఇదే.

ఇప్పుడు మేం అడిగేది ఒక్కటే. ఐర్లండ్ ఆడపిల్లలు ఎక్కడ కూడిండ్రు? ఎప్పుడు తీర్మానం చేసిండ్రు? కూడింది లేదు, చేసింది లేదు. ఆ పిల్లలకు అప్పుడు పార్లమెంటుకు ఓటు కూడ లేదు. బ్రిటన్‌లో ఆడోళ్లకు ఓటు 1918లో వచ్చింది. అదీ ముప్పై ఏండ్లు దాటినోళ్లకే. మగోళ్లతో సమానంగా రావడానికి 1928 దాకా ఆగాల్సి వచ్చింది. ఓటుకు పనికిరాని పేరు కిరీటానికి పనికొచ్చింది.

బట్ట మీద ఐర్లండ్, చట్టంలో సున్నా

ఆ పెండ్లిబట్ట సంగతి కూడ చెప్పాలె. తెల్లటి పట్టు మీద వెండి జరీతో గులాబీ, తిసిల్, షామ్‌రాక్ నేసిండ్రు. గులాబీ ఇంగ్లండ్ గుర్తు. తిసిల్ అనే ముండ్ల పువ్వు స్కాట్లండ్ గుర్తు. మూడాకుల షామ్‌రాక్ ఐర్లండ్ గుర్తు. నెత్తి మీది నగలో ఐర్లండ్, ఒంటి మీది బట్టలో ఐర్లండ్. చూసినోళ్లకు ఇంతకన్నా సమైక్యత ఏం కావాలె?

అదే సమయాన అదే లండన్‌లో పార్లమెంటు ఏం చేస్తున్నది? 1893 ఫిబ్రవరిలో ప్రధాని గ్లాడ్‌స్టన్ ఐర్లండ్‌కు స్వపరిపాలన ఇచ్చే హోంరూల్ బిల్లు పెట్టిండు. ఇది రెండోసారి. మొదటి బిల్లు 1886లో కామన్స్ సభలోనే 30 ఓట్ల తేడాతో ఓడిపోయింది. జూలై 6న పెండ్లి బాజాలు మోగేటప్పటికి రెండో బిల్లు మీద కామన్స్ సభలో వాక్యం వాక్యానికీ కొట్లాట నడుస్తున్నది. జూలై 27న సభ్యులు నిజంగనే పిడిగుద్దులకు దిగిండ్రు. సెప్టెంబర్ మొదట్ల 267 మీద 301 ఓట్లతో కామన్స్ సభ బిల్లును గెలిపించింది. వారం తిరగకముందే, సెప్టెంబర్ 8న లార్డ్స్ సభ దాన్ని ఎత్తి అవతల పారేసింది. వద్దన్నది 419 మంది. కావాలన్నది 41 మంది.

ఆ 419 మందిని ఎవరు ఎన్నుకున్నరు? ఎవరూ ఎన్నుకోలే. తండ్రి పోతే కొడుకు కూర్చునే సభ అది. ఐర్లండ్‌లో వేల ఎకరాలున్న భూస్వాములు అండ్ల కూర్చున్నరు. 1845 తర్వాత వచ్చిన ఆలుగడ్డ కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయిన దేశం అది. కౌలు కట్టలేక ఇండ్ల నుంచి గెంటివేయబడ్డ దేశం. ఆ దేశం పేరు పెండ్లికి కావాలె. ఆ దేశం మాట చట్టానికి వద్దు.

మనకు ఇది ఎక్కడో చూసినట్టు అనిపిస్తలేదా? 2014 జనవరి 30న హైదరాబాద్ అసెంబ్లీలో మూజువాణి ఓటుతో తెలంగాణ బిల్లును తిప్పికొట్టిన తీర్మానం గుర్తు తెచ్చుకోండి. అప్పటిదాకా 'తెలుగుతల్లి' పేరు మీద మన పేరు ప్రతి సభలో ఉన్నది. లెక్క వచ్చేసరికి సంఖ్య వాళ్లది. ఐర్లండ్‌లో వారసత్వం అడ్డంపడ్డది. ఇక్కడ సంఖ్యాబలం అడ్డంపడ్డది.

మిగిలిన సొమ్ము

ఈ కథలో ఒక మంచి మాట కూడ ఉన్నది. దాన్ని దాచడం మాకు ఇష్టం లేదు. పెండ్లికి రెండు వారాల ముందు, 1893 జూన్ 22న, మధ్యధరా సముద్రంలో విక్టోరియా అనే యుద్ధనౌకను తోటి నౌక క్యాంపర్‌డౌన్ గుద్దింది. ఓడ మునిగి 358 మంది చనిపోయిండ్రు. టియారా కొనగా చందాల్లో మిగిలిన సొమ్మును ఆ నావికుల భార్యలకు, పిల్లలకు ఇయ్యమని మేరీ కోరింది. అట్లనే ఇచ్చిండ్రు. ఆ అమ్మాయి మనసు మంచిదే. మా తగువు ఆమెతోని కాదు.

మా తగువు 'మిగిలిన సొమ్ము' అనే పద్ధతితోని. దేశం కోసం సముద్రంలో పోయినోని పెండ్లానికి సాయం ఎక్కడి నుంచి వచ్చింది? కిరీటం కొనగా మిగిలినదాంట్ల నుంచి. ముందు వజ్రాలు, తర్వాత విధవలు. కిరీటం ఇంకొంచెం ప్రియమైతే ఆ పిల్లల వాటా ఇంకొంచెం తగ్గేది. దయ మీద నడిచే సాయానికి లెక్క ఉండదు, గడువు ఉండదు, అడిగే అధికారం ఉండదు.

'మిగులు' అనే మాట మనకు కొత్తది కాదు. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకే ఖర్చు చెయ్యాలని రాసుకున్నరు. అట్ల జరగలేదనే 1969లో విద్యార్థులు, ఉద్యోగులు రోడ్డెక్కిండ్రు. లెక్క తేల్చడానికి కుమార్ లలిత్‌ను వేసిండ్రు, జస్టిస్ భార్గవ కమిటీని వేసిండ్రు. మన సొమ్ముకే మనం లెక్క అడుక్కోవాల్సి వచ్చింది. లండన్‌లో మిగిలింది దానంగా ఇచ్చిండ్రు. ఇక్కడ మిగిలింది మనదైనా ఇయ్యలే.

దొర బిడ్డ పెండ్లి

పెండ్లి కానుకల సంగతి మన పల్లెల్లో ముసలోళ్లను అడిగితే వాళ్ల నాయనల కాలం కథలు చెప్తరు. దొర ఇంట్ల పెండ్లయితే ఊరంతా నజరానా చెల్లించాలె. గొల్లోళ్లు గొర్రెలు తోలియ్యాలె. కుమ్మరోళ్లు కుండలియ్యాలె. గౌండ్లోళ్లు కల్లు పొయ్యాలె. అన్నిటికన్న ఘోరం ఇంకొకటి. దొర బిడ్డ అత్తగారింటికి పోతుంటే ఆమె వెంట పేదింటి ఆడపిల్లలను ఆడబాపలుగా పంపేటోళ్లు. అక్కడ మనిషే కానుక.

టియారా ఎలిజబెత్ చేతికి వచ్చిన 1947 నవంబర్ పెండ్లికే మన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కూడ కానుక ఇచ్చిండు. లండన్ కార్టియే దుకాణంలో ఆమెకు నచ్చింది తీసుకోమన్నడు. ఆమె వజ్రాల కిరీటం, హారం తీసుకున్నది. ఆ కిరీటాన్ని 1973లో విప్పి రాళ్లను వేరే నగకు వాడిండ్రు. హారం మాత్రం 'హైదరాబాద్ నిజాం హారం' అనే పేరుతోనే ఉన్నది. 1947 నవంబర్ అంటే ఏం కాలం? కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగి ఏడాది దాటింది. వెట్టి చెయ్యమని, నజరానా ఇయ్యమని పల్లెలు తిరగబడ్డయి. ఆ హారం మీద హైదరాబాద్ పేరున్నది. ఆ పేరు కింద చెమటోడ్చిన రైతు పేరు ఎక్కడా లేదు.

పండుగ కానుకలు వద్దు

ఐర్లండ్ కథ ఎట్ల తీరింది? చట్టసభ మూసిన తలుపును 1916లో డబ్లిన్ వీధులు తట్టినయి. 1919 నుంచి 1921 దాకా పోరు నడిచింది. 1922లో ఐరిష్ ఫ్రీ స్టేట్ వచ్చింది. ఆరు కౌంటీలు మాత్రం బ్రిటన్ కిందనే ఉండిపోయినయి. 1949లో మిగతా దేశం రిపబ్లిక్ అయింది. ఇంత జరిగినా కిరీటం పేరులో ఐర్లండ్ అట్లనే ఉన్నది. కానుకకు ఒకసారి పేరు రాసిస్తే అది ఎవరో ఒకరి నెత్తి మీద ఉండిపోతది.

మన రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. వచ్చినంక మనం వినని మాట లేదు. 'మేం ఇచ్చినం' అని ఒకరు. 'మేం తెచ్చినం' అని ఇంకొకరు. 2009 డిసెంబర్ 9 ప్రకటనను పుట్టినరోజు కానుక అన్నోళ్లు కూడ ఉన్నరు. రెండు వారాల్లో, డిసెంబర్ 23న ఆ కానుకను వెనక్కి గుంజుకున్నప్పుడు దాని విలువ తెలిసింది. ఇచ్చినోడు గుంజుకునేది కానుక. ఎవడూ గుంజుకోలేనిది హక్కు.

విభజన చట్టం పదమూడో షెడ్యూల్‌లో గిరిజన విశ్వవిద్యాలయం రాసిండ్రు. దానికి పార్లమెంటులో చట్టం కావడానికి 2023 డిసెంబర్ దాకా పట్టింది. అప్పుడు కూడ దాన్ని వరం అన్నోళ్లున్నరు. తొమ్మిదేండ్లు ఆలస్యమైన బాకీని వరం అంటరా? ఉద్యోగికి రావాల్సిన డీఏ పండుగ ముందు విడుదలైతే 'దసరా కానుక' అని మన పత్రికలే శీర్షిక పెడుతయి. ఖాళీ పోస్టుకు నోటిఫికేషన్ ఇస్తే 'నిరుద్యోగులకు తీపి కబురు' అని రాస్తరు. సర్కారు కట్టాల్సిన ఫీజు బకాయి కొంత విడుదలైతే విద్యార్థి చప్పట్లు కొట్టాలె. రాసే మాకూ, చదివే మీకూ ఈ మాటలు అలవాటైపోయినయి. అధికారంలో ఏ పార్టీ ఉన్నా ఈ అలవాటు మారలే.

అందుకే మేం కోరేది పెద్దదేం కాదు. డీఏను డీఏ అందం. బకాయిని బకాయి అందం. చట్టంలో రాసినదాన్ని చట్టం ప్రకారం అడుగుదం, తేదీతోని అడుగుదం. సన్మానాలకు, కానుకలకు మన జిల్లా పేరు, మన సంఘం పేరు, మన యూనివర్సిటీ పేరు రాసేటోళ్లను ముందు మమ్మల్ని అడిగిండ్రా అని నిలదీద్దం. ఎవరి పేరు వాడుకుంటున్నరో వాళ్ల మాట వినాలె. పేరు తీసుకొని మాట వద్దంటే, ఆ పట్టికలోంచి మన పేరు కొట్టెయ్యమని చెప్పుదం.